ఎవరు చెప్పారు? ఎవరు చూశారు?

ప్రతి సోమవారం మా ఆఫీసు బల్ల మీద కాగితాల కుప్ప పడుతుంది. కొన్ని పోస్టులో వస్తాయి. చాలావరకు ఇప్పుడు ఫోన్లోనే వస్తున్నాయి. పంపేవాళ్లంతా మనవాళ్లే. డిగ్రీ చదివే పిల్లలు, మండలాఫీసు గుమాస్తాలు, రిటైరైన పంతుళ్లు, ఆర్టీసీ కండక్టర్లు. పైన ‘దయచేసి ఈ వార్త వేయగలరు’ అని ఉంటుంది. విప్పి చదివితే ఆవేశం ఉంటుంది, ఆవేదన ఉంటుంది, పాలకులకు శాపనార్థాలుంటాయి. వార్త మాత్రం ఉండదు. ‘నిన్న మా ఊళ్లో జరిగిన భారీ బహిరంగ సభకు జనం తండోపతండాలుగా తరలివచ్చారు.’ ఏ ఊరు? నిన్న అంటే ఏ రోజు? సభ పెట్టిందెవరు? దేనికోసం? వచ్చినవాళ్లు ఏం తీర్మానం చేసి వెళ్లారు? ఒక్కదానికీ జవాబుండదు. వేయకపోతే మాత్రం మరుసటి వారమే కార్డు వస్తుంది, ‘మీరూ పెద్ద పత్రికల్లాగే తయారయ్యారు’ అని.

ఆ తిట్టు తిని తిని ఈ వారం సంపాదకీయం దీని మీదే రాయాలని కూర్చున్నాం. ఉద్యమం గురించి రాయకుండా బడిపంతులు పనేమిటని కొందరు మిత్రులు విసుక్కోవచ్చు. పెద్ద పత్రికలు మన మాట రాయడం లేదని ఇన్నాళ్లూ గోల పెట్టినవాళ్లం. మన మాట మనకైనా రాయడం వచ్చా అని ఒక్కసారి చూసుకోవద్దా?

పోయిన నెల రాజమహేంద్రవరం నుంచి ఒక డిగ్రీ కుర్రాడు మూడు పేజీలు పంపాడు. మొదటి పేజీ నిండా విద్యారంగం మీద పాలకుల నిర్లక్ష్యం. రెండో పేజీలో కందుకూరి వీరేశలింగం పుట్టిన గడ్డ మీద ఇదేం ఖర్మ అని వాపోవడం. మూడో పేజీ అడుగున, సంతకానికి సరిగ్గా పైన, పెన్నులో సిరా అయిపోతోందేమో అన్నట్టు రెండు లైన్లు. వాళ్ల హాస్టల్లో మోటారు కాలిపోయి తొమ్మిది రోజులైందట. నూట ఇరవై మంది వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడుతున్నారట. ఇద్దరు కామెర్లతో ఇళ్లకు వెళ్లిపోయారట.

వార్త ఆ రెండు లైన్లే. మిగతా రెండున్నర పేజీలు మన పాఠకుడు ఈపాటికే పదిసార్లు చదివినవి. ఆ రెండు లైన్లను మేం పైకి తెచ్చి ఇలా రాసుకున్నాం: ‘రాజమహేంద్రవరంలోని ఒక విద్యార్థి వసతి గృహంలో తొమ్మిది రోజులుగా నీళ్లు లేవు. మోటారు కాలిపోవడంతో 120 మంది విద్యార్థులు వీధి కుళాయి నుంచి నీళ్లు మోసుకుంటున్నారు. ఇద్దరు కామెర్లతో ఇళ్లకు వెళ్లారు.’ మూడు వాక్యాలు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పటినుంచి, ఎందుకు, ఎలా. ఈ ఆరు ప్రశ్నల్లో వీలైనన్నిటికి మొదటి పేరాలోనే జవాబు పడాలి. జర్నలిజం బళ్లలో దీన్ని తలకిందుల పిరమిడ్ అంటారు. ముఖ్యమైనది పైన, తక్కువ ముఖ్యమైనది కింద. పేజీలో చోటు చాలకపోతే సబ్ ఎడిటర్ కత్తెర కింది నుంచే పడుతుంది కాబట్టి, కుర్రాడి మూడు పేజీలను అడుగు నుంచి కోస్తే మొట్టమొదట పోయేది మోటారు సంగతే. శాపనార్థాలు భద్రంగా మిగులుతాయి.

అయినా ఆ మూడు వాక్యాలను మేం ఇంకా అచ్చు వేయలేదు. కారణాలున్నాయి. కామెర్లని ఎవరు చెప్పారు? డాక్టరా, పక్క మంచం కుర్రాడా? కామెర్లకు వీధి కుళాయి నీళ్లే కారణమని తేలిందా, లేక రెండూ ఒకే వారంలో జరిగాయా? మోటారు బాగుచేయించమని ఎవరికి, ఏ తేదీన కాగితం ఇచ్చారు? వార్డెన్ ఏమంటున్నాడు? ఈ నాలుగూ కనుక్కుని రాయమని కుర్రాడికి తిరిగి పంపాం. అతడికి కోపం వచ్చిందని విన్నాం. ‘బాధ పడుతున్నది మేము, వార్డెన్‌ను అడిగేదేమిటి’ అన్నాడట. అక్కడే ఉంది అసలు కిటుకు. వార్డెన్ మాట వేయడం వార్డెన్ మీద ప్రేమతో కాదు. ‘డబ్బులు మంజూరు కాలేదు’ అని అతడు ఒక్క మాట అంటే, వార్త హాస్టల్ గోడ దాటి మంజూరు చేయని ఆఫీసు దాకా నడుస్తుంది. ‘నాకు తెలియదు’ అంటే అది అంతకన్నా పెద్ద వార్త. తొమ్మిది రోజులుగా నీళ్లు లేవని వార్డెన్‌కే తెలియని హాస్టల్!

రాష్ట్ర సాధన కోసం పెట్టుకున్న పత్రికకు రాజమండ్రి ఊసెందుకని అడిగేవాళ్లుంటారు. కుర్రాడు అక్కడివాడు కావడం ఒక కారణం. ఆ ఊళ్లో వార్తకున్న పాత చరిత్ర రెండోది.

1874లో కందుకూరి వీరేశలింగం పంతులు ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. మొదట్లో మద్రాసులో అచ్చు వేయించి తెప్పించుకునేవారు, కొద్ది కాలానికే స్నేహితులతో కలిసి రాజమండ్రిలోనే ముద్రణాలయం పెట్టుకున్నారు. వితంతు వివాహాలూ, స్త్రీ విద్యా మాత్రమే ఆయన పని అని మన పాఠ్య పుస్తకాలు చెప్పి ఊరుకుంటాయి. నిజానికి ఆ పత్రికలో సగం గొడవ కచేరీల గురించే. కోర్టుల్లో లంచాలు, ఉద్యోగుల అవినీతి, వకీళ్ల నాటకాలు. ‘వ్యవహార ధర్మబోధిని’ అనే ప్రహసనాన్ని కోర్టు గుమ్మంలో జనం మాట్లాడుకునే భాషలోనే రాశారు. రాజమండ్రి అప్పటికి ఎంత ఊరని! తాను రాసిన మనిషి మర్నాడు పొద్దున్నే గోదావరి గట్టున ఎదురుపడే ఊరు. దూరంగా కూర్చుని ‘అధికార వర్గాల్లో అవినీతి పెచ్చుమీరింది’ అని రాయడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. నోటికొచ్చినట్టు రాస్తే చెల్లే చోటు కాదది. చేతిలో సంగతి ఉండాలి.

చేతిలో సంగతి అన్నది నీతి కోసం చెప్పే మాట కూడా కాదు. పరువు నష్టం అనే నేరం 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది, 499, 500 సెక్షన్లు. 2024 జూలై 1న ఆ స్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో అది 356వ సెక్షన్. నంబరు మారింది, సారం మారలేదు. రాసింది నిజమై, దాన్ని బయటపెట్టడం ప్రజలకు మేలైనదైతే మినహాయింపు ఉంది. నిజమని చూపించాల్సిన భారం మాత్రం మన నెత్తినే ఉంటుంది. కాబట్టి కాగితం దాచుకోండి. తేదీ వేసుకోండి. ఎవరితో ఏ పూట మాట్లాడారో నోటుబుక్కులో రాసుకోండి. ‘అందరికీ తెలిసిందే కదా’ అన్న మాట కోర్టులో పనికిరాదు.

అదే ఊళ్లో ఇంకో కథ ఉంది, విద్యార్థులు వినాల్సింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చాడు, చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేశారు. కాలేజీ పిల్లలు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. అందుకు కళాశాల నుంచి గెంటివేతకు గురైనవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఉద్యోగం దారి మూసుకుపోయిన ఆ విద్యార్థి బెజవాడ వెళ్లి ‘స్వరాజ్య’ అనే వారపత్రిక నడిపాడు. తిరునల్వేలి కాల్పుల మీద రాసిన వ్యాసానికి 1908లో రాజద్రోహం కేసు పెట్టారు. మొదట పడిన శిక్షను హైకోర్టు పెంచి మూడేళ్లు చేసింది. ఆ మనిషి తెగువకు ఇవాళ్టికీ దండం పెట్టాలి.

కానీ ఒక తేడా గమనించండి. ఆయన రాసింది వ్యాఖ్య. జరిగిందేమిటో జనానికి అప్పటికే తెలుసు, అందుకే ఆ వ్యాఖ్య అంత పదునుగా తగిలింది. మన మిత్రులు చాలామంది ఆయన రెండో మెట్టు నుంచి మొదలుపెడుతున్నారు. కాల్పులు ఎక్కడ జరిగాయో, ఎవరు పడిపోయారో చెప్పకముందే ‘క్రూర పాలకులారా’ అని అందుకుంటారు. వ్యాఖ్యకు ఈ పేజీ ఉంది, సంపాదకీయం ఉంది, లేఖల పేజీ ఉంది. వార్తలో మీ కోపం అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే పాఠకుడికే వస్తుంది కోపం.

ఇక భాష సంగతి. ఇంగ్లీషు పాఠాల్లో చెప్పినట్టు మొదటి వాక్యంలోనే ఆరు ప్రశ్నలకూ జవాబు ఇరికించాలని మనవాళ్లు చూస్తారు. తెలుగులో అది కుదరదు. మన క్రియ వాక్యం చివర ఉంటుంది. ఎవరో, ఎక్కడో, ఎందుకో అన్నీ చెప్పుకుంటూ పోతే ‘చేశారు’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పాఠకుడు కర్తను మరచిపోతాడు. ‘జిల్లా నలుమూలల నుంచి తరలివచ్చిన ఉపాధ్యాయులు పాల్గొన్న, సంఘ అధ్యక్షుడి అధ్యక్షతన మంగళవారం స్థానిక పాఠశాల ఆవరణలో నిర్వహించబడిన సమావేశంలో పలు సమస్యలపై కూలంకషంగా చర్చించబడింది.’ ఇలాంటివి మాకు వారానికి ఇరవై వస్తాయి. ఇందులో వార్త ఏమిటి? ‘పలు సమస్యలు’ అంటే ఏవి? ‘చర్చించబడింది’ అని ఇంట్లో ఎవరైనా మాట్లాడతారా? ‘జీతాలు ఇవ్వకపోతే వచ్చే నెల ఒకటి నుంచి బడికి వెళ్లబోమని ఉపాధ్యాయులు తీర్మానించారు’ అని మొదటి వాక్యం. సమావేశం ఎక్కడ, ఎప్పుడు అన్నది రెండో వాక్యం. అధ్యక్షత వహించిన పెద్దమనిషి పేరు నాలుగో పేరాలో చాలు, ఆయన ఏమైనా అనుకుంటే మేం చూసుకుంటాం. బూదరాజు రాధాకృష్ణ గారు ఈనాడు జర్నలిజం పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు, పత్రికల భాష మీద పుస్తకాలు రాశారు. ఆ పత్రిక రాజకీయాలతో మనకు పేచీ ఉంటే ఉండనీయండి, ఆ పుస్తకాలు దొరికితే వదలకండి.

‘అన్నారు’ అన్న మాట మీద మనవాళ్లకు చిన్నచూపు. ఒకసారి ‘పేర్కొన్నారు’, ఒకసారి ‘వెల్లడించారు’, ఒకసారి ‘ఉద్ఘాటించారు’. మాట మారిస్తే అందం వస్తుందనుకుంటారు. అవి అలంకారాలు కావు, ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉంది. ‘వెల్లడించారు’ అంటే అప్పటిదాకా దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టారని. ఒక నాయకుడు ఎదుటివాడు లంచం తిన్నాడని అంటే, దానికి మనం ‘వెల్లడించారు’ అని తోక తగిలిస్తే, లంచం తిన్నాడని మనం ఒప్పుకున్నట్టే. అక్కడ ‘ఆరోపించారు’ అనాలి. ‘అంగీకరించారు’ అంటే తప్పు ఒప్పుకున్నట్టు ధ్వనిస్తుంది. ఏ గొడవా లేనిది ‘అన్నారు’. ఇక ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అనేది మరో జబ్బు. పది వార్తల్లో తొమ్మిదింట ఆ విశ్వసనీయ వర్గం టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక మనిషి.

పేర్ల దగ్గర మరీ అజాగ్రత్త. రాజమండ్రి పేరును అధికారికంగా రాజమహేంద్రవరం చేసింది 2015లో. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక తూర్పు గోదావరి జిల్లా కేంద్రం కాకినాడ కాదు, రాజమహేంద్రవరమే. నది అవతల ఉన్న కొవ్వూరు పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చింది. మాకు ఇప్పటికీ ‘పశ్చిమ గోదావరి జిల్లా కొవ్వూరు’ అని వార్తలు వస్తూనే ఉన్నాయి. చిన్న తప్పే కదా అనుకోవచ్చు. కొవ్వూరు పాఠకుడు ఆ లైను దగ్గరే ఆగిపోతాడు. సొంత ఊరి జిల్లా తెలియనివాడు చెప్పే మిగతా మాట అతడెందుకు నమ్మాలి?

అంకెలు ఇంకో ముచ్చట. వానాకాలం వస్తే ‘గోదావరి ఉగ్రరూపం’ అనే హెడ్డింగ్ సిద్ధంగా ఉంటుంది. గోదావరి ఏటా ఉగ్రరూపమే. లంకలో ఉన్న మనిషికి కావాల్సింది ఆ మాట కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు, వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు. అంటే మొదటి హెచ్చరిక నాటికే సెకనుకు దాదాపు 2.8 కోట్ల లీటర్లు సముద్రం వైపు పోతున్నాయన్నమాట. ఇంత చెప్పాక ఉగ్రరూపం అని వేరే చెప్పాలా? ఎన్ని గంటలకు ఎంత ఉంది, గంటకు ఎంత పెరుగుతోంది, పైన భద్రాచలం దగ్గర ఎంత ఉంది. ఈ మూడు అంకెలు రాస్తే లంక రైతు గొడ్లను ఎప్పుడు గట్టెక్కించాలో తనే లెక్క వేసుకుంటాడు.

జనం అంకె దగ్గర మేమూ తప్పు చేశాం. దాచుకోవడం దేనికి, చెప్పేస్తాం. కొన్నేళ్ల కింద ఒక సభకు యాభై వేల మంది వచ్చారని మొదటి పేజీలో వేశాం. సభ పెట్టినవాళ్లు చెప్పారు, మేం వేశాం. సర్వే శాఖలో పనిచేసే ఒక పాఠకుడు వారం తిరక్కుండా ఉత్తరం రాశాడు. ఆ మైదానం మూడు వందల అడుగుల పొడవు, రెండు వందల అడుగుల వెడల్పు, మొత్తం అరవై వేల చదరపు అడుగులు. అమెరికాలోని బర్క్‌లీలో హెర్బర్ట్ జేకబ్స్ అనే జర్నలిజం ఆచార్యుడు 1960ల్లో తన కిటికీ కింద జరిగే విద్యార్థుల సభలను చూసి ఒక లెక్క కట్టాడు: కిక్కిరిసి నిలబడితే మనిషికి నాలుగున్నర చదరపు అడుగులు, కాస్త విడివిడిగా ఉంటే పది. ఆ ప్రకారం మైదానం అంతా ఇసుక వేస్తే రాలనంత జనం నిలబడినా పదమూడు వేలు దాటరు. మన సభలో జనం కూర్చున్నారు కూడా! పదివేల మంది రావడం ఆ ఊరికి చిన్న విషయమా? ఆ పదివేలు అని వేసి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. యాభై వేలు వేసి, నిజంగా వచ్చిన ఆ పదివేల మందిని కూడా అబద్ధం చేశాం. సవరణ మూడు వారాల తరువాత ఆరో పేజీలో, కనపడని అక్షరాల్లో వేశాం. అది రెండో తప్పు.

ఈ కూడిక తీసివేతలన్నీ వట్టి చాదస్తం కాదని చెప్పడానికి రాజమండ్రిలోనే ఒక రోజు ఉంది. 2015 జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు. కోటగుమ్మం దగ్గరి పుష్కర ఘాట్‌లో పొద్దున్నే తొక్కిసలాట జరిగింది. 27 మంది చనిపోయారని అప్పటి వార్తలు. స్నానానికి వచ్చినవాళ్లు, చాలామంది ఆడవాళ్లు, పెద్దవయసువాళ్లు. విచారణకు జస్టిస్ సి.వై. సోమయాజులు కమిషన్ వేశారు. 2018లో శాసనసభ ముందుకు వచ్చిన ఆ నివేదిక, ముహూర్తానికే మునగాలన్న నమ్మకమూ దానికి మీడియాలో జరిగిన ప్రచారమూ జనం ఒక్కసారిగా ఎగబడటానికి కారణమంది. ఏర్పాట్లు చేయాల్సిన పాలకులను వదిలేసి నెపం మీడియా మీద నెట్టారని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో పస ఉంది. జనాన్ని ఒక రేవు నుంచి ఇంకో రేవుకు మళ్లించడం పత్రికల పని కాదు, ప్రభుత్వం పని.

అయితే మన వంతు ప్రశ్న మనం వేసుకోవాలి. ఆ పుష్కరాలకు ముందు వారాల తరబడి ఒక మాట ఊరూరా మోగింది: ఇవి 144 ఏళ్లకు ఒకసారి వచ్చే మహా పుష్కరాలు అని. గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు, పన్నెండేళ్లకోసారి గోదావరి పుష్కరాలు వస్తాయి. 1991లో వచ్చాయి, 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. మరి పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు అన్న లెక్క ఎవరిది? ఏ గ్రంథంలో ఉంది? 144 ఏళ్ల వెనక్కి వెళ్తే 1871. ఆ ఏడు వచ్చినవి మహా పుష్కరాలని ఆనాటి కాగితం ఏదైనా చెబుతోందా? రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది, పంచాంగం కట్టేవాళ్లున్నారు, సంస్కృత పండితులున్నారు. ‘ఎవరు చెప్పారు’ అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని తిరిగితే రెండు రోజుల పని. ఆ పని చేసి, ‘పన్నెండు రోజుల్లో ఏ రోజు మునిగినా, ఏ రేవులో మునిగినా ఒకటే పుణ్యం’ అని పండితుడి పేరుతో మొదటి పేజీలో వేసి ఉంటే, ఆ తెల్లవారుజామున ఒక్క ముసలమ్మ అయినా మనసు మార్చుకుని కోటిలింగాల రేవుకు వెళ్లేదేమో. ఏమో, చెప్పలేం. జనం ఆగకపోయినా అడిగి ఉండాల్సిందే. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు.

అడగకపోవడానికి కారణం విలేకరి బద్ధకం ఒక్కటే అనం. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న పత్రిక మొదలుపెట్టింది, మిగతావాళ్లు అదే దారి పట్టారు. ఊరూరా కంట్రిబ్యూటర్లు వచ్చారు. మండలం వార్త పేపర్లో పడటం జనానికి మేలే చేసింది, కాదనలేం. కానీ ఆ కంట్రిబ్యూటరుకు జీతం ఉండదు. చాలాచోట్ల వార్త ఎన్ని సెంటీమీటర్లు పడిందో కొలిచి చేతిలో పెట్టేది చిల్లర. పైగా పండక్కి ప్రకటనలు తేవాలి. ప్రకటన ఇచ్చేది సర్పంచో, కాంట్రాక్టరో, కాలేజీ యజమానో. పొద్దున ప్రకటన అడిగినవాడిని సాయంత్రం ‘ఎవరు చెప్పారు’ అని అడగడం ఎలా? కాబట్టి ప్రెస్ నోట్ వస్తే పైన ఊరి పేరు తగిలించి పంపేస్తాడు. వాడిని తిట్టి లాభం లేదు. కానీ మీకు ఆ బంధాలు లేవు మిత్రులారా. మీలో విద్యార్థులకు తీరిక ఉంది, ఉద్యోగులకు ఫైలు చదవడం వచ్చు. ఈ రెండూ కలిస్తే ఏ స్టాఫ్ రిపోర్టరుకూ లేని బలం.

ఉద్యోగ మిత్రులకు విడిగా ఒక మాట. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం సర్కారు మీద పత్రికల్లో విమర్శ రాస్తే మీకు ఇబ్బంది. మీ పేరు మేం వేయం, అడిగినా చెప్పం. మాకు మీ వ్యాసం అక్కర్లేదు. జీవో నంబరు, తేదీ, మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం చెప్పండి చాలు. లేదా అదే కాగితాన్ని 2005 సమాచార హక్కు చట్టం కింద ఎలా అడగాలో, ఏ శాఖకు రాయాలో ఒక విద్యార్థికి చెప్పండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, ఫలానా తేదీన అడిగాం, ఇవ్వలేదు అన్నదే వార్త.

అంకెతో, పేరుతో కొట్టడం మనకు కొత్త కాదు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన తేలిగ్గా రాసేసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశారు? అప్పటికి 1926 నుంచి గోలకొండ పత్రిక ఆయన చేతిలో ఉంది. కావాలంటే నాలుగు ఘాటు సంపాదకీయాలు రాసి చేతులు దులుపుకోవచ్చు. అలా కాక ఊరూరికీ రాసి, వివరాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు. ఒక్కో కవీ ఒక్కో జవాబు. తొంభై ఏళ్లు దాటినా దాన్ని ఎవరూ తిరగ్గొట్టలేదు. 1969 ఉద్యమంలో 369 మంది ప్రాణాలిచ్చారని మనం అంటాం. ఆ అంకె చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లెక్క అడుగుతారు. ఆనాడు ఊరికో విద్యార్థి పేరు, వయసు, తండ్రి పేరు, తేదీ, స్థలం రాసి పెట్టి ఉంటే అడిగినవాడి ముందు జాబితా పరిచేవాళ్లం. ఆ పని చేయాల్సింది పెద్ద పత్రికలే అని ఇంకా ఎన్నాళ్లు అనుకుంటాం?

జర్నలిజం కోర్సు చేస్తేనే ఇదంతా వస్తుందా అని అడుగుతూ ఉంటారు. ఉస్మానియాలో 1954 నుంచి ఆ శాఖ ఉంది, వీలైనవాళ్లు చదవండి. వీలుకానివాళ్లు ఈ వారం ఒక పని చేయండి. మీ వీధిలో జరిగిన ఒక సంగతి తీసుకుని 150 మాటల్లో రాయండి. రాశాక ప్రతి వాక్యం పక్కన మార్జిన్లో ‘చూశాను’ అనో, ‘ఫలానావారు చెప్పారు’ అనో, ‘కాగితం ఉంది’ అనో పెన్సిలుతో రాయండి. మూడింట్లో ఏదీ రాయలేని వాక్యాన్ని కొట్టేయండి. మిగిలింది మాకు పంపండి. ఎన్ని లైన్లు మిగిలితే అన్ని లైన్లే వేస్తాం. చివర మీ ఫోన్ నంబరు మరవకండి. పోయిన నెల వచ్చిన మంచి వార్తల్లో రెండు, రాసినవాళ్లను పట్టుకోలేకనే పోయాయి.

హాస్టల్ కుర్రాడి దగ్గర్నుంచి మొన్న శనివారం మళ్లీ కబురు వచ్చింది. ఈసారి ఒకటే పేజీ. మోటారు బాగుచేయించమని ఇచ్చిన అర్జీ నకలు తేదీతో సహా జతచేశాడు. ఇద్దరిలో ఒకరికి రక్త పరీక్ష కాగితం ఉంది, రెండోవాడికి లేదు, కాబట్టి ‘ఒకరికి కామెర్లు’ అని తనే దిద్దుకున్నాడు. వార్డెన్‌ను రెండుసార్లు కలిశాడట. మొదటిసారి కసిరి పంపాడు. రెండోసారి, కొత్త మోటారుకు రాసి పంపాం, పై నుంచి ఇంకా రాలేదు అన్నాడు. ఆ ‘పై’ ఎవరో కనుక్కోవడానికి కుర్రాడు సోమవారం ఆఫీసుకు వెళ్తున్నాడు. అతడు తిరిగి వచ్చేదాకా నాలుగో పేజీలో చోటు ఆపి ఉంచాం.